డీజిలు ఇంజనుకు అధికారి యెవడు?

వస్తువును కొనుట కేవలము లౌకికవ్యవహారమనియు, ధరయు మన్నికయు విచారించుకొన్న చాలుననియు, ధర్మవిచారమునకు అందు తావు లేదనియు మనలో పెక్కుమంది తలంతురు. చీర కొనునపుడు నేతగాని బ్రతుకును, బియ్యము కొనునపుడు నాటు వేసిన కూలిదాని బ్రతుకును తలచుకొనువారు ఎచ్చటనో కొందరుందురు. ఇంజను కొనునపుడు ఎవరిని తలచుకొనవలెనో మనకింకను అలవడలేదు. కావున బండి కొనదలచినవాడు డీజిలు ఇంజనును ఎన్నుకొనుట యుక్తమా కాదా యను ప్రశ్నను ఈ నెల పాఠకుల యెదుట పెట్టుచున్నాము. ఇది మెకానిక్కును అడుగవలసిన ప్రశ్న గదా, పత్రికకేల యని కొందరు నవ్వవచ్చును. మెకానిక్కు చెప్పగలిగినది కొంత కలదు; దానిని ముందు విందము. అతడు చెప్పలేనిది మరికొంత కలదు. ఈ వ్యాసము దానికొరకే.

మేముండు కొల్లాపూరునందు ఈ ప్రశ్న ఏటేట మామిడికాయతోపాటు ముదురుచుండును. వేసవిలో తోటల కాయ దిగుట మొదలుపెట్టగానే బండ్ల బేరములును మొదలగును. సాయంకాలము క్రేట్లకెత్తిన కాయ తెల్లవారునప్పటికి సుమారు 180 కిలోమీటర్ల దూరమందలి హైదరాబాదు చేరవలెను. గడ్డిఅన్నారమునుండి నగరము వెలుపలి బాటసింగారమునకు తరలిన పండ్ల మార్కెటులో దిగవలెను. ఆలస్యమైన కాయ మెత్తబడును; ధర పడిపోవును. ఈ పనికై చిన్న పికప్పులును, మనవారు డీసీఎంలని పిలుచు మధ్యరకపు లారీలును రాత్రులంతయు తిరుగుచుండును. ఆ పేరు ఒకనాటి డీసీఎం టొయోటా కంపెనీ బండ్లనుండి వచ్చినది. కంపెనీ పోయినను పిలుపు పోలేదు.

ఇదే మాసములలో మరియొక బేరమును సాగుచుండును. ఉద్యోగియో, కాంట్రాక్టరో, భూమి ధర పెరిగి చేతిలో డబ్బాడినవాడో ఎత్తైన పెద్దకారును, ఎస్‌యూవీ యనబడుదానిని, కొనగోరును. లారీ కొనువాడును డీజిలే యనును. ఇతడును డీజిలే యనును. మాట యొక్కటియే. ధర్మమును ఒక్కటియేనా? ఇదియే మా విచారము.

డీజిలు ఇంజను గుణమెట్టిదో తెలియక దానిని మెచ్చుటయు తప్పే, తిట్టుటయు తప్పే. పెట్రోలు ఇంజనులో గాలియు ఇంధనమును కలిసియుండగా ప్లగ్గు పుట్టించు నిప్పురవ్వచే అవి మండును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని మాత్రమే లోనికి తీసికొని, పదునైదవ వంతునకో అంతకును తక్కువకో అదుముదురు. అట్లదిమిన గాలి తనంతట కాగి కొలిమివలెనగును. అందులోనికి చమురును సన్నని తుంపరగా చిమ్మగనే అది అంటుకొనును. సైకిలుకు గాలి కొట్టిన పిల్లవానికి పంపు అడుగుభాగము వేడెక్కుట తెలియును, సూత్రమదియే. గాలిని ఎంత అదిమిన, వేడిలో అంత ఎక్కువ భాగము పనిగా మారును. పెట్రోలు ఇంజనులో అంతగా అదిమినచో ఇంధనము వేళకు ముందే మండి ఇంజనును దెబ్బతీయును. అందువలననే డీజిలు బండి తక్కువ చమురుతో ఎక్కువ దూరము పోవును. నెమ్మదిగా తిరుగునపుడును దానికి లాగుబలము కలదు. నిండుబరువుతో ఎత్తెక్కునపుడు ఊపిరాడక నిలిచిపోదు.

దీనిని కనుగొన్న రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్ నగరమున జన్మించెను. 1892లో పేటెంటు కోరి, అయిదేండ్లు శ్రమించి, 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గునందు నమ్మదగిన ఇంజనును నడిపి చూపెను. ఆవిరియంత్రములు గల పెద్ద ఫ్యాక్టరీల ముందు చిన్న వృత్తులవారు నిలువలేకపోవుటను చూచి, వారి చేతికి తక్కువ ఖర్చుతో నడచు బలము నీయవలెనని అతడు తలపోసెను. 1900లో పారిస్ ప్రదర్శనమున డీజిలు ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడిచినది. పల్లీ పండించు మన పాలమూరు రైతునకు ఇది వినదగిన ముచ్చట. పుట్టుకతోనే ఈ యంత్రము కష్టజీవి పక్షమున నుండవలెనని కోరబడినదని మాత్రము పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

ఇక లెక్క చూతము. 2024 మార్చిలో ధరలు తగ్గిన పిదప హైదరాబాదునందు పెట్రోలు లీటరు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు ఉండెను. ఒక పెద్దకారు పెట్రోలుతో లీటరునకు 12 కిలోమీటర్లును, డీజిలుతో 16 కిలోమీటర్లును పోవుననియు, డీజిలు రకమునకు ఒకటిన్నర లక్ష అధికముగా చెల్లింపవలెననియు అనుకొందము. కిలోమీటరునకు పెట్రోలు ఖర్చు 9 రూపాయలకు కొంచెము తక్కువ. డీజిలు ఖర్చు 6 రూపాయలు. మిగులు 3 రూపాయలలోపే. అధికముగా నిచ్చిన ధర తిరిగి చేతికి వచ్చుటకు 50 వేల కిలోమీటర్లకు పైగా తిరుగవలెను. అంతే తేడాగల బండి నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగినచో ఏడాదిన్నరలో ఆ సొమ్ము వచ్చును. నెలకు 500 కిలోమీటర్లు మాత్రమే తిరుగు ఇంటికారునకు ఎనిమిదిన్నర యేండ్లు పట్టును. అప్పు చేసి కొన్నచో వడ్డీ వేరు. కావున ఇంటికారునకు డీజిలు చౌక యను మాట పలువురి విషయమున లెక్క వేయకయే చెప్పు మాట.

ఈ మాట ఎట్లు పుట్టినదో చరిత్ర చెప్పును. 2014 అక్టోబరు వరకు డీజిలు ధర ప్రభుత్వము చేతిలో నుండెను. రైతు ట్రాక్టరునకును, సరకు లారీకిని, ప్రజలెక్కు బస్సునకును భారము కలుగరాదని ఆ ధరను పెట్రోలుకంటె చాల తక్కువగా నుంచిరి. పేదవాని పేరిట తగ్గించిన ఆ ధరను విలాసపు కార్లవారును అనుభవించిరి. ఊరి చలివేంద్రపు కుండలోని నీటితో ఒకడు తన తోటలోని పూలమొక్కలను తడుపుకొన్నట్లున్నది. దానిని చట్టము నేరమనలేదు. మన మనస్సు ఏమన్నదో ఎవరికి వారే విచారించుకొనవలెను. ఆ ధర పోయినను ఆ యలవాటు మాత్రము నిలిచినది.

ఇంతవరకు మెకానిక్కును లెక్కలవాడును చెప్పిరి. ఇకమీదటిది వారి వశము కాదు.

డీజిలు తుంపరలో గాలి చాలినంత తగులని చోట మసి పుట్టును. వేడి మిక్కుటమైన చోట గాలిలోని నత్రజనియే మండి ఊపిరితిత్తులను ఒరయు వాయువులగును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనసంస్థ 2012 జూనులో డీజిలు పొగను మనుష్యులకు కాన్సరు కలిగించు వస్తువులలో మొదటి తరగతియందు చేర్చినది. అయినను న్యాయముగా మాటాడవలెను. లీటరు డీజిలు మండినచో సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోలు. కాని డీజిలు బండి లీటరునకు ఎక్కువ దూరము పోవును గనుక, మా పై లెక్క ప్రకారము కిలోమీటరునకు అది విడుచు బొగ్గుపులుసు వాయువు పెట్రోలు బండికంటె తక్కువే. భూమి వేడెక్కుటను తలచినవానికి డీజిలు కొంత మేలుగా తోచును. వీధిలో నడచు పసివాని ఊపిరిని తలచినవానికి కీడుగా తోచును. ఒకే యంత్రమునకు రెండు ముఖములు. ఏదో యొకటి చూచి తీర్పు చెప్పుట పండితలక్షణము కాదు.

పొగను పీల్చువారెవరు? తలుపులద్దములు బిగించి చల్లనిగాలిలో కూర్చున్న యజమాని కాడు. రోడ్డు ప్రక్క బుట్టలో కాయలు పెట్టుకొని అమ్ముకొను ముసలమ్మ. బస్టాండులో చాయ కాచువాడు. బడి గేటు ముందర ఇంజనాపక నిలిపిన బండి వెనుకనుండి దాటు పిల్లలు. ఎత్తు తక్కువైన కొలది గొట్టమునకు ముఖము దగ్గర. మన సంస్థానముల కాలమున దొరలు పల్లకులలో ఊరేగిరి. ఆ పల్లకిని మోసిన బోయీల చెమట దొరకు కనబడుచుండెను; వారి ఆయాసము వినబడుచుండెను. చూచియు చూడనట్లుండుట దొర దోషము. నేటి పెద్దకారునకును బోయీలు కలరు. కాని వారు వెనుక నుందురు. వారి దగ్గు లోనికి వినబడదు. వారికి కూలియు లేదు. పల్లకిని మాన్పించితిమని సంతసించు మనము ఈ సంగతిని తలపనేల లేదు?

ఆంగ్లేయ అర్థశాస్త్రజ్ఞుడు ఆర్థర్ పిగూ 1920లో వెలువరించిన గ్రంథమున ఇట్టిదే చర్చించెను. అమ్మువానికిని కొనువానికిని నడుమ కుదిరిన ధరలో మూడవవాని నష్టము చేరదనియు, ఫ్యాక్టరీ గొట్టపు పొగ ఇందుకు తార్కాణమనియు అతని వాదము. షోరూములో మనకు చూపు ధరల పట్టికలో ఎన్నియో పంక్తులుండును. ముసలమ్మ దగ్గునకు పంక్తి లేదు. పట్టికలో లేనంతమాత్రాన అది లేకపోలేదు. దానిని వ్రాసికొనుట కొనువాని మనస్సాక్షి పని.

అట్లయినచో లారీలన్నియు నిలుపవలెనా? మామిడి తోటలోనే కుళ్లవలెనా? కాదు. ఇచ్చట మాకు మీమాంసకుల మాటయొకటి సాయపడుచున్నది. ఏ కర్మకైనను అధికారి యెవడని వారు ముందు విచారింతురు. ఒకనికి విహితమైనదే మరియొకనికి తగనిది కావచ్చును. మన పూర్వులు ఈ అధికారమును పుట్టుకకు ముడివేసి ఎన్నియో అన్యాయములు చేసిరి. మేము దానిని పుట్టుకకు గాక పనికి ముడివేయుచున్నాము. నిండుబరువు, దూరపుదారి, నిత్యపరుగు — ఈ మూడును గలవాడు డీజిలు ఇంజనుకు అధికారి. అతని బండి విడుచు పొగలో ఊరి అన్నము కొంత కలదు. అతడు తెచ్చు ఉప్పును పప్పును ముసలమ్మయు కొనును. ఆ పొగకు మనమందరము భాగస్వాములము. బరువు లేక, దూరము లేక, ఒక్కడే కూర్చుండి ఇంటినుండి ఆఫీసునకు రెండు కిలోమీటర్లు పోవువాని డీజిలు పొగలో ఊరికి భాగము లేదు. అతని హోదా మాత్రమే కలదు. నడుమనున్నవారును కలరు. అమరగిరి మొదలగు నల్లమల అంచు పల్లెలకు మందులు మోయు జీపు, రోగిని రాత్రివేళ నాగర్‌కర్నూలునకు చేర్చు అద్దెబండి ఎత్తైన కార్లే యైనను లారీ పక్షమువే. పేరునుబట్టి గాక పనినిబట్టియే అధికారము నిర్ణయింపవలెను.

దీనిపై కొన్ని ఆక్షేపణలు వచ్చును. మొదటిది: వేలకొలది లారీలు తిరుగుచుండగా నా యొక్క కారు వలన ఏమగును? రాజుగారి తొట్టిలో అందరును పాలు పోయవలెననగా, చీకటిలో నేనొక్కడను నీరు పోసిన ఏమగునని ప్రతివాడును తలచెననియు, తెల్లవారి చూడగా తొట్టినిండ నీరే యుండెననియు మన పిల్లలు సైతము చెప్పుదురు. వారికి చెప్పిన నీతిని మనము బండ్ల దుకాణము గడపవద్ద విడిచిపోరాదు.

రెండవ ఆక్షేపణ గట్టిది. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చినవి. డీజిలులోని గంధకము పదిలక్షల భాగములకు 50 భాగములనుండి 10 భాగములకు తగ్గినది. క్రొత్త ఇంజనుకు మసిని పట్టు వడపోత అమర్చిరి. కావున దోషము పోయినది గదా యందురు. దోషము చాలవరకు తగ్గినమాట నిజము. కాని ఆ వడపోతకును అధికారిభేదము కలదు. పట్టిన మసిని అప్పుడప్పుడు లోపలనే కాల్చివేయవలెను. అందుకు ఇంజను బాగుగా కాగి కొంతసేపు వేగముగా పరుగెత్తవలెను. హైదరాబాదు పోవు బండికి ఇది దారిలోనే జరిగిపోవును. బజారునకును బడికిని మాత్రమే తిరుగు కారులో మసి పేరుకొని వడపోత మూసికొనును. హెచ్చరిక దీపము వెలుగును. రిపేరు ఖర్చు మీదపడును. ధర్మము ఎవనిని అధికారి యన్నదో యంత్రమును వానినే అధికారి యనుచున్నది.

పెద్ద బండ్లలో నత్రజని వాయువులను అణచుటకు యూరియా ద్రావణమును పోయుదురు. నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, మిగిలినది శుద్ధమైన నీరు. పొలమునకు చల్లు యూరియాను బిందెలో కలిపి పోసినచో పరికరము చెడును. ఖర్చు తప్పించుకొనుటకై ఆ పరికరమునే పనిచేయకుండ కట్టివేయించుటయు, వడపోతను కోయించి పారవేయుటయు, బండిని చూపకయే పొగ సర్టిఫికెటు తెచ్చుకొనుటయు లోకమున కలవు. ఇట్టి మోసము చిన్నవారిదే యనుకొనవలదు. జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కంపెనీ పరీక్షవేళ మాత్రము పొగ తగ్గించి, రోడ్డుపై యథేచ్ఛగా విడుచు ఏర్పాటును డీజిలు కార్లలో అమర్చినట్లు 2015 సెప్టెంబరులో బయటపడెను. ప్రపంచమున సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో అది యున్నట్లు ఆ కంపెనీయే ఒప్పుకొనెను. అధికారియైనవాడును శుద్ధిని విడిచినచో అధికారము కోల్పోవును. లారీ యజమానికి మేము చెప్పు మాట ఇదియే: పొట్టకూటికి పొగ విడుచుట క్షంతవ్యము, పొదుపుకై వడపోత కోయించుట క్షంతవ్యము కాదు.

మూడవ ఆక్షేపణ యింటిలోనుండి వచ్చును. పెద్దకారు లేక పెండ్లిలో తలయెత్తుకొనుటెట్లు? కట్నమును 1961 చట్టము నిషేధించినది. అయినను కారు కానుక పేరిట అదే వచ్చుచున్నది. అల్లునికి డీజిలు పెద్దకారే కావలెనని మధ్యవర్తి చెప్పగా, పిల్ల తండ్రి ఎకరమును తాకట్టు పెట్టుటయు కలదు. ఆ కారు నెలకెన్ని కిలోమీటర్లు తిరుగునో ఎవ్వరును అడుగరు. ఇట్టి బండి రెండు విధముల పొగ విడుచును: ఒకటి వీధిలో, రెండవది పుట్టింటిలో. చదువుకొన్న తల్లులు ఈ పద్ధతిని మొదట తమ కొడుకుల పెండ్లిలో మాన్పింపగలరు. కట్టెపొయ్యి పొగతో కండ్లు మండిన స్త్రీలకు పొగ యనగానేమో వేరుగా చెప్పనక్కరలేదు. 1999లో వచ్చిన దీపము పథకము మొదలుకొని గ్యాసుపొయ్యి పేదయింటికిని చేరి, వంటయింటి పొగ తగ్గినది. ఇంటినుండి వెళ్లగొట్టిన పొగను వీధిలో మరల ఆహ్వానించుట ఏమి సంస్కారము?

డీజిలును ఇట్లు కొందరికి విధించుచు కొందరికి నిషేధించుచు శాశ్వతముగా నుంచుట మా యభిప్రాయము కాదు. మన బావులపై ఒకప్పుడు మోట నడిచెను. తరువాత ఆయిలింజను వచ్చి ఎద్దుల మెడబరువు దించెను. అదియు డీజిలు ఇంజనే. కరెంటు మోటారు రాగానే ఆయిలింజను మూలబడెను. కొల్లాపూరు ప్రక్కనున్న ఎల్లూరు వద్ద కృష్ణాజలమును కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలకెత్తునవి కరెంటు మోటారులే. ఆయిలింజను పోయినదని రైతు శోకించలేదు. దానిని పనిముట్టుగా చూచెనే గాని పరువుగా చూడలేదు. రోడ్డు బండికిని ఇదే న్యాయము. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్న సరకుబండి డీజిలుతోనే పుట్టెను; 2022లో అదే బండి విద్యుత్తుతోను వచ్చెను. ఒక్క చార్జితో అది పోవునని కంపెనీ ప్రకటించిన దూరము సుమారు 150 కిలోమీటర్లు. హైదరాబాదునకు కాయ మోయుటకు అది చాలదు. తోటనుండి కొల్లాపూరు మండికి పోయివచ్చుటకు చాలును. మన కరెంటులో పెద్దపాలు బొగ్గుతో పుట్టునదే యను సంగతి మరువరాదు. అయినను ఆ పొగ బడి గేటు ముందర విడువబడదు. ఏ పని దేనితో సాగునో ఆ పనికి దానిని కొనుటయే వివేకము.

ఈ విచారము మన ఊరికి మరింత అవసరము కానున్నది. సోమశిల వద్ద కృష్ణపై వంతెన 2022లో మంజూరైనది. దానిపై రాకపోకలు సాగినప్పుడు కల్వకుర్తినుండి నంద్యాలవైపు పోవు లారీలు మన ప్రక్కనుండియే పోవును. వానిని మనము ఆపలేము, ఆపనూ రాదు. తప్పని పొగ అంత వచ్చుచుండగా, తప్పించుకొనదగిన పొగను మన వాకిటనుండి చేర్చకుండుట మాత్రము మన చేతిలో నున్నది.

కావున బండి కొనబోవు పాఠకుడు దుకాణమునకు పోకముందు ఇంటివారితో కూర్చుండి మూడు ప్రశ్నలకు కాగితముపై జవాబు వ్రాయవలెనని మా ప్రార్థన. బండిపై నిత్యము ఎంత బరువుండును? నెలకెన్ని కిలోమీటర్లు తిరుగును? వడపోతకును యూరియాకును సర్వీసుకును కావలసినది ఏటేట చెల్లింపగలమా? మూడింటికిని తగిన జవాబున్నచో సంకోచము లేక డీజిలు కొనుడు, దానిని శుద్ధిగా నుంచుడు, నిలిపినప్పుడు ఇంజనాపుడు. లేనిచో పెట్రోలుదో కరెంటుదో చిన్న బండి కొనుడు. మిగిలిన ఒకటిన్నర లక్షతో ఆడపిల్లను పై చదువునకు పంపుడు. పొరుగువారు కారు ఎత్తును చూచి మెచ్చరేమో. మీ వెనుక నడచువారు మాత్రము సుఖముగా ఊపిరి పీల్తురు.